పరదా లోపలికి ఫోనొచ్చింది!

హైదరాబాద్‌లో ఓ ముస్లిం పెళ్లికి వెళ్లండి. ఫంక్షన్ హాలు ఒకటే, లోపలికి దారులు మాత్రం రెండు. ఒకటి మర్దానా... మగవాళ్లది. రెండోది జనానా... ఆడవాళ్లది. మధ్యలో గోడైనా ఉంటుంది, గుడ్డతెరైనా ఉంటుంది. ఆ తెర దాటగానే ఆడవాళ్లు నల్ల బురఖా తీసి, మడతపెట్టి సంచిలో పెట్టేస్తారు. అప్పుడు చూడాలి ఆ రంగులు! ఖడా దుపట్టాలు, జరీ అంచులు, ముత్యాల సత్‌లడాలు, చేతుల నిండా లాడ్‌బజార్ గాజులు. చూసేది ఆడవాళ్లే కాబట్టి బెరుకుండదు. అమ్మమ్మలు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఆడపిల్లలు ఢోలక్ ముందేసుకుని గొంతెత్తి పాడతారు.

ఈమధ్య ఆ హాళ్లలో ఓ కొత్త ఉద్యోగం పుట్టింది. పెళ్లికూతురి తరఫు పెద్దావిడ ఒకరు తలుపు పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటారు. ఫోన్ పైకెత్తిన ప్రతి అమ్మాయినీ 'బేటా, ఫోన్ అందర్ రఖో' అని అదిలించడం ఆవిడ పని. కొందరైతే ముందే శుభలేఖలోనే 'జనానాలో ఫొటోలు, వీడియోలు తీయొద్దని మనవి' అని వేయిస్తున్నారు. మనవి చేస్తే వినే రోజులా ఇవి? ఆవిడ ఇటు ఒక ఫోన్ ఆపేలోపు అటు నాలుగు లేస్తాయి.

పరదా అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది బట్ట. ఆ ఇళ్లలో అడిగితే మాత్రం అది చోటుకి సంబంధించిన ఏర్పాటని చెబుతారు. ఎక్కడున్నాం, ఎవరి ముందున్నాం... ఈ రెండే లెక్క. తండ్రి, అన్నదమ్ములు, బాబాయి, మేనమామ లాంటి దగ్గరివాళ్లని 'మెహ్రమ్' అంటారు. వాళ్లతో పెళ్లికి వీల్లేదు కాబట్టి వాళ్ల ముందు పరదా అక్కర్లేదు. అదే పెదనాన్న కొడుకు ముందు, మేనత్త కొడుకు ముందు కావాలి. ముందుగది దాకా వచ్చేవాళ్లు వేరు, వంటింటి దాకా రాగలిగినవాళ్లు వేరు. ఇదంతా గుమ్మాలూ గడపలూ ఉన్న లోకంలో తయారైన పద్ధతి. ఫోనుకి గడపేముంది! జనానాలో ఓ చెల్లెలు సరదాకి తీసిన పదిహేను సెకన్ల వీడియో స్టేటస్‌లోకి ఎక్కిందంటే... దాన్ని చూసే రెండొందల మందిలో గ్యాస్ సిలిండర్ వేసే అబ్బాయి, ట్యూషన్ మాస్టారు, అక్క తోటికోడలి తమ్ముడు అందరూ ఉంటారు. ఆ వీడియోలో మూలన కూర్చుని బిర్యానీ తింటున్న పిన్నమ్మకి తను అందులో ఉన్నట్టే తెలీదు.

పోనీ ఫోన్ వద్దనుకోగలరా? అదీ కుదరదు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన బస్తీలివి. ఒకప్పుడు జెద్దా నుంచీ దుబాయ్ నుంచీ క్యాసెట్లు వచ్చేవి. ఉత్తరం రాసే అలవాటు లేని భర్త అరగంట సేపు కబుర్లన్నీ రికార్డు చేసి, ఊరొచ్చే స్నేహితుడితో పంపేవాడు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లు. అవతలి వైపు తమ మాటలు నింపి తిప్పి పంపేవాళ్లు. ఇప్పుడదే భర్త రాత్రి పదింటికి వీడియోకాల్‌లో పిల్లాడి హోంవర్క్ చూస్తున్నాడు. వాట్సాప్ కాల్స్ కలవని గల్ఫ్ దేశాల నుంచి మాట్లాడటానికి 'ఇమో' అనే యాప్ ఉంటుందని ఆ ఇళ్లలో ముసలమ్మలకి కూడా తెలుసు. సెలవు దొరక్క కూతురి నికాని ఫోన్‌లోనే చూసి కళ్లు తుడుచుకున్న తండ్రులున్నారు. అలా ఫోన్ ముందు అవసరంగా వచ్చింది. సరదా దాని వెనకే వచ్చింది. 2020 జూన్‌లో కేంద్రం టిక్‌టాక్‌ని నిషేధిస్తే, జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. నెల కూడా ఖాళీ లేదు!

సరే, ఫోన్ వచ్చింది. 'హయా పోతోంది' అన్న మాటా వెంట వచ్చింది. జుమా ప్రసంగాల్లో, ఆడవాళ్ల మతసభల్లో, ఇంట్లో అన్నం దగ్గర ఇదే మాట. హయాని సిగ్గు అని తెలుగులో చెబితే సగమే చెప్పినట్టు. బిడియం, మర్యాద, తప్పు చేయబోతే వెనక్కి లాగే మనసు... అన్నీ కలిస్తే హయా. విశ్వాసానికి అరవైకి పైగా శాఖలున్నాయనీ, హయా అందులో ఒకటనీ ప్రవక్త మాటల్ని కూర్చిన హదీసు గ్రంథాల్లో ఉంది. మీరు గమనించారో లేదో... ఆ గ్రంథాల్లో హయా గురించి వచ్చే సందర్భాల్లో మగవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మరీ ఇంత బిడియమైతే ఎలాగని ఒకాయన తన సోదరుణ్ని మందలిస్తుంటే, వదిలెయ్యమని ప్రవక్త వారించిన కథ ఉంది. ప్రవక్తే ఎంతో బిడియస్తుడని చెప్పే హదీసూ ఉంది.

ఇంకో సంఘటన. క్రీస్తుశకం 632లో ప్రవక్త చివరి హజ్ యాత్ర. ఆయన వెనక అదే ఒంటె మీద ఫజల్ అనే యువకుడు కూర్చుని ఉన్నాడు. వరసకి చిన్నాన్న కొడుకు. ఖస్అమ్ తెగకి చెందిన ఒకావిడ, చాలా అందగత్తె, ధర్మసందేహం అడగడానికి దగ్గరికొచ్చింది. ఫజల్ ఆమెనే చూస్తుండిపోయాడు. ప్రవక్త ఏం చేశారంటే... చేయి వెనక్కి చాపి ఆ కుర్రాడి గడ్డం పట్టుకుని ముఖాన్ని పక్కకి తిప్పేశారు. ఆవిడ అడిగిన సందేహానికి జవాబు చెప్పారు. పండితులు ఈ సంఘటన నుంచి రకరకాల తీర్పులు తీస్తారు, ఆ చర్చ మనకెందుకులెండి. ముఖం ఎవరిది తిప్పారన్నది మాత్రం స్పష్టంగానే ఉంది.

ఖురాన్‌లో 24వ అధ్యాయం సూరె నూర్. చూపులు దించుకోవాలన్న ఆదేశం అందులోనే వస్తుంది. 30వ ఆయత్ మగవాళ్లకి. 31వ ఆయత్ ఆడవాళ్లకి. వరస అది. మన ఇళ్లలో మాత్రం 31 నుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు. ఓ జూనియర్ కాలేజీ లెక్చరర్ మాట ఇది. 'మా క్లాసులో అమ్మాయిల ఫోన్ తాళం వాళ్ల అబ్బాకీ తెలుసు, అన్నకీ తెలుసు. అన్న ఫోన్ తాళం ఎవరికి తెలుసని అడిగితే పిల్లలంతా నవ్వేశారు. నవ్వి ఊరుకున్నారు మేడమ్' అన్నారావిడ. కూతురు డీపీలో ముఖం పెడితే ఇంట్లో పంచాయితీ. కొడుకు దుప్పటి కప్పుకుని అర్ధరాత్రి రెండింటి దాకా ఏం చూస్తున్నాడో అడిగే నాథుడు లేడు. ఇది ముస్లిం ఇళ్ల సంగతి మాత్రమే అనుకుంటే పొరపాటు. మిగతా ఇళ్లలో చూపుల గురించి రాసి పెట్టిన ఆజ్ఞ లేదు కాబట్టి ఉల్లంఘన కూడా లేదు. అంతే తేడా!

ఒకమ్మాయి, తొమ్మిదేళ్లు

జైరా వసీమ్ గుర్తుందా? 2016లో వచ్చిన 'దంగల్'లో జుట్టు కత్తిరించుకుని కుస్తీ పట్టిన చిన్నప్పటి గీత. కశ్మీర్ అమ్మాయి. ఆ పాత్రకి ఉత్తమ సహాయనటిగా జాతీయ అవార్డు వచ్చింది. తర్వాతి ఏడాది 'సీక్రెట్ సూపర్‌స్టార్'. అందులో ఆమె వడోదరలో ఉండే ఇన్సియా. పాటలంటే ప్రాణం. తండ్రికి తెలిస్తే చంపేస్తాడు. అందుకని ముఖం కనబడకుండా బురఖా వేసుకుని, గిటార్ పట్టుకుని, పాట పాడి యూట్యూబ్‌లో పెడుతుంది. దేశమంతా ఆ పాట వింటుంది, పాడిందెవరో ఎవరికీ తెలీదు. చూసిన ప్రతి ఇల్లూ చప్పట్లు కొట్టింది. పరదా, ఫోన్ కలిసి ఓ ఆడపిల్లకి రెక్కలిచ్చినట్టు అనిపించింది.

నిజజీవితం ఇంకోలా నడిచింది. 2017 జనవరిలో ఆమె అప్పటి ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీని కలిసింది. ఆ ఫొటో బయటికొచ్చాక సోషల్ మీడియాలో తిట్లవర్షం. పదహారేళ్ల పిల్ల ఫేస్‌బుక్‌లో క్షమాపణ రాసింది. నన్ను ఎవరూ ఆదర్శంగా తీసుకోవద్దని మొరపెట్టుకుంది. క్షమాపణ ఎందుకు చెప్పిందని ఇంకో వర్గం తిట్టింది! 2019 జూన్ 30న మళ్లీ ఓ పెద్ద పోస్టు. సినిమాలు మానేస్తున్నాననీ, ఈ పని తన ఈమాన్‌కీ... అంటే దేవుడి మీద విశ్వాసానికీ తనకూ మధ్య అడ్డొస్తోందనీ దాని సారాంశం. టీవీల్లో వారం రోజులు చర్చలు. ఎవరో బలవంతపెట్టి ఉంటారని కొందరు. శభాష్ అని ఇంకొందరు. ఆ రెండు గుంపుల్లోనూ ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లని గుర్తున్నవాళ్లు తక్కువ.

అసలు విషయం ఆ తర్వాతది. 2020 నవంబరులో ఆమె తన అభిమానుల పేజీలవాళ్లకి ఓ విన్నపం చేసింది. నా ఫొటోలు తీసేయండి, కొత్త జీవితం మొదలుపెడుతున్నాను అని. ఇంటర్నెట్‌లోంచి అన్నీ తుడిచేయడం కుదరదని తనకి తెలుసనీ, కనీసం మీరు పంచుకోకుండా ఉంటే సాయం చేసినట్టనీ రాసింది. కొంతమంది తీసేశారు. మిగతావి ఇప్పటికీ ఉన్నాయి. ఆమె ఆ వేషాలు వేసినప్పుడు వేయాలనే అనుకుంది. మనసు మారాక మారింది. మనిషికి ఆ స్వేచ్ఛ ఉంది, ఫొటోకి లేదు.

చిత్రమేమిటంటే, అదే నెలలో అమెరికాలో హలీమా ఆడెన్ కూడా తప్పుకుంది. కెన్యాలోని కకూమా శరణార్థి శిబిరంలో పుట్టిన సోమాలీ అమ్మాయి. హిజాబ్ తీయకుండానే పెద్దపెద్ద ఫ్యాషన్ వేదికలెక్కిన మోడల్. ముస్లిం అమ్మాయిలు ఆమెని చూసి మురిసిపోయారు. నాలుగేళ్లయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే, ఒక్కో ఫొటోలో హిజాబ్ కొంచెం కొంచెంగా జారిపోయి, ఓ ప్రకటనలో తల మీద జీన్స్ ప్యాంటు గుడ్డ చుట్టారు! ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పాత ఫొటోల మీదే రాసుకుంటూ వెళ్లింది... ఇది నేను కాదు, ఇదీ నేను కాదు అని. ఎవరూ ఆమెని హిజాబ్ తీసేయమని అనలేదు. లైకులు ఎటు పడితే అటు ఒక్కో అడుగు. చూసేవాళ్ల కోసం కప్పుకున్నా చూసేవాళ్ల కోసమే కదా!

జైరా పెళ్లి 2025 అక్టోబరులో జరిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండే ఫొటోలు పెట్టింది. ఒకటి నికానామా మీద సంతకం పెడుతున్న గోరింటాకు చేయి. రెండోది దంపతులిద్దరూ ఆకాశంలో చంద్రుణ్ని చూస్తూ నిలబడ్డది, వెనక నుంచి. ముఖాలు లేవు.

పెట్టినవాళ్లదా తప్పు?

ఫొటో పెట్టకపోతే సరి, గొడవే ఉండదు అనేవాళ్లు ఈ సంగతి చదవాలి. 2021 జులైలో 'సల్లీ డీల్స్' పేరుతో ఓ యాప్ బయటపడింది. ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు సోషల్ మీడియా నుంచి దొంగిలించి, 'ఈరోజు వేలానికి' అన్నట్టు పెట్టారు. ఎనభై మందికి పైగా ఉన్నారు. ఆ పేరే ఓ తిట్టు. కేసులు పెట్టినా నెలల తరబడి అరెస్టుల్లేవు. 2022 జనవరి 1న, కొత్త సంవత్సరం పూట, 'బుల్లీ బాయి' పేరుతో రెండోది. ఈసారి వందకి పైగా. జర్నలిస్టులు, లాయర్లు, ఉద్యమకారులు... ఢిల్లీలో కనబడకుండా పోయిన కొడుకు కోసం ఏళ్లుగా తిరుగుతున్న ఓ తల్లి ఫొటో కూడా! మన హైదరాబాద్ నుంచి అరవై దాటిన ఓ సామాజిక కార్యకర్త ఉన్నారు. నిజంగా అమ్మింది లేదు, కొన్నది లేదు. అవమానించడం ఒక్కటే ఉద్దేశం. అప్పుడు ముంబయి, ఢిల్లీ పోలీసులు కదిలారు. పట్టుబడినవాళ్లు ఎవరనుకున్నారు? ఎక్కువమంది ఇరవై ఏళ్లకి కాస్త అటూ ఇటూ ఉన్న చదువుకునే పిల్లలు. వాళ్లలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి కూడా ఉంది.

ఆ జాబితాలో హిజాబ్ ఉన్నవాళ్లున్నారు, లేనివాళ్లున్నారు. బట్టని బట్టి ఎంచుకున్నది కాదది. నోరు ఉన్నవాళ్లని ఎంచుకున్నారు. దాని ప్రభావం మాత్రం నోరు విప్పని ఇళ్ల మీద పడింది. ఆ జనవరిలో ఎన్నో ఇళ్లలో ఆడపిల్లల ఖాతాలు మూసేయించారు. డీపీలో గులాబీ పువ్వు, కాబా, 'అల్లా' అని రాసిన అక్షరాలు వచ్చి చేరాయి. భయపడ్డ తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. కానీ కొన్నిచోట్ల డీపీతో ఆగలేదు. ఆన్‌లైన్ క్లాసులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఉద్యోగ ప్రకటనలు... ఆ ఫోన్‌లోనే వస్తాయి మరి. దొంగ ఎక్కడో ఇండోర్‌లో, బెంగళూరులో ఉంటే ఇక్కడి అమ్మాయి చదువుకి తాళం పడితే ఎలా?

తెలిసి ఉండాల్సింది ఒకటుంది. ఫొటో దుర్వినియోగమైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆడవాళ్లు, పిల్లల మీద జరిగే నేరాల విభాగంలో పేరు చెప్పకుండా చేసే వీలూ ఉంది. తెలంగాణలో 2014 నుంచీ షీ టీమ్స్ ఉన్నాయి. మార్ఫింగ్ చేసిన అసభ్య చిత్రాలతో ఎవరైనా బెదిరిస్తుంటే 'స్టాప్‌ ఎన్‌సీఐఐ' అని 2021 డిసెంబరులో మొదలైన ఓ ఉచిత సేవ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి. అందులో ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోన్‌లోనే దానికో అంకెల వేలిముద్ర తయారవుతుంది. ఆ వేలిముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలకి వెళ్తుంది. దానితో సరిపోలే బొమ్మని వాళ్లు అడ్డుకుంటారు. ఫొటో మనిషి కంట పడకుండానే పని జరుగుతుంది కాబట్టి పరదా పాటించే ఇళ్లకి ఇది మరీ పనికొస్తుంది. మొదట అమ్మాయి ఇంట్లో చెప్పగలగాలి. చెబితే ఫోన్ లాక్కుంటారని తెలిసిన అమ్మాయి ఎందుకు చెబుతుంది?

మతపెద్దలు ఊరుకున్నారా అంటే, లేదు. 2017 అక్టోబరులో దేవ్‌బంద్‌లోని దారుల్ ఉలూమ్ ఓ ప్రశ్నకి జవాబిస్తూ సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టడం ధర్మసమ్మతం కాదంది. మగవాళ్ల ఫొటోలూ, ఆడవాళ్ల ఫొటోలూ రెండూ. ఆ ఫత్వాని తమ సెల్ఫీ డీపీల కిందనుంచే ఫార్వర్డ్ చేసిన అన్నయ్యలు ఎందరో! 2022 నవంబరులో ఢిల్లీ జామా మసీదు గేట్ల మీద ఒంటరిగా, గుంపుగా వచ్చే అమ్మాయిలకి ప్రవేశం లేదని బోర్డులు పెట్టారు. లోపల వీడియోలు తీస్తున్నారన్నది ఓ కారణం. గోల అయ్యాక, లెఫ్టినెంట్ గవర్నర్ మాట్లాడాక షాహీ ఇమామ్ వెనక్కి తీసుకున్నారు. 2024 మేలో దేవ్‌బంద్ ప్రాంగణంలోకి ఆడవాళ్లని రానివ్వొద్దని నిర్ణయించారు. కారణం అదే, రీల్స్. కొన్ని నెలల తర్వాత షరతులతో అనుమతించారు. మసీదు మర్యాద కాపాడాలనుకోవడంలో తప్పులేదు. నమాజు చేసుకునేవాళ్ల ముందు నిలబడి పాటకి పెదవులు కదపడం ఎవరికి నచ్చుతుంది? కానీ రీల్స్ తీసేవాళ్లలో కుర్రాళ్లు లేరా? గేటు మూస్తే ఒక వైపే ఎందుకు మూసుకుంటోంది?

అయితే ఇదే ఫోన్ మతాన్ని కొన్ని ఇళ్లకి కొత్తగా చేర్చింది కూడా. కోస్తాలో, రాయలసీమలో ఉర్దూ చదవడం రాని ముస్లిం ఇళ్లు బోలెడు. నమాజు అరబ్బీలో, బోధన ఉర్దూలో, బతుకు తెలుగులో. తెలుగులో ఖురాన్ లేక కాదు. గత శతాబ్దం తొలి సగంలోనే చిలుకూరి నారాయణరావు అనువాదం చేశారు, తర్వాతా చాలా వచ్చాయి. పుస్తకం కొని చదివే తీరికే లేదు. ఇప్పుడు మిషన్ తొక్కుతూ తెలుగు ప్రసంగాలు వింటున్నారు. 'పదో తరగతితో ఆపేశారు మమ్మల్ని. మదర్సాకి పంపలేదు, కాలేజీకీ పంపలేదు. నలభై ఏళ్లొచ్చాక ఫోన్‌లో ఓ ఆపా దగ్గర అక్షరం అక్షరం పలకడం నేర్చుకున్నా. ఇప్పుడు మా మనవరాలికి నేనే చెబుతున్నా' అంటారు గుంటూరులో ఓ గృహిణి. ఆవిడ ఫోన్‌లో డీపీ లేదు. నమాజు వేళలు చెప్పే యాప్ మాత్రం ఉంది. ఆ యాప్‌లూ కళ్లు మూసుకుని ఉండవండోయ్! 2020 నవంబరులో ఓ అమెరికన్ వార్తాసంస్థ బయటపెట్టింది. 9.8 కోట్లకి పైగా డౌన్‌లోడ్లున్న 'ముస్లిం ప్రో' యాప్ నుంచి వాడకందారులు ఎక్కడున్నారన్న సమాచారం ఓ వ్యాపారసంస్థకి, అక్కడినుంచి అమెరికా సైన్యంతో పనిచేసే కాంట్రాక్టర్లకీ చేరిందని. ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నామని యాప్‌వాళ్లు వెంటనే ప్రకటించారు. ఖిబ్లా ఎటో చూసుకుందామని ఫోన్ తెరిస్తే, మనం ఎటున్నామో ఇంకెవరో చూసుకున్నారు.

కుడిచేయి, ఎడమచేయి, కెమెరా

హయాకి తోడు ఇంకో మాట ఉంది... రియా. దేవుడి కోసం చేయాల్సిన పనిని జనం చూడాలని చేయడం. ఇస్లాం దీన్ని చాలా పెద్ద తప్పుగా చూస్తుంది. దేవుడికి సాటి కల్పించడంలో ఇది చిన్న రకమని హదీసుల్లో హెచ్చరిక ఉంది. కాబా ముందు నిలబడి లైవ్ పెట్టేవాళ్లకి ఈ మాట ఎవరు చెప్పాలి? 2017 నవంబరులో సౌదీ ప్రభుత్వం మక్కా, మదీనాల్లోని రెండు పవిత్ర మసీదుల్లో ఫొటోలు, వీడియోలు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అది ఎంత బాగా అమలైందో ఫోన్ తెరిస్తే మీకే తెలుస్తుంది. ఉమ్రాకి వెళ్లిన మా పరిచయస్థుడొకాయన గుండు చేయించుకుంటున్న వీడియో నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. బక్రీద్ వస్తోందంటే, ఖుర్బానీ ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టొద్దని జమియత్ ఉలమా-ఎ-హింద్ ఇటీవలి ఏళ్లలో విజ్ఞప్తి చేస్తోంది. పొరుగువాళ్ల మనసు నొచ్చుకోకుండా అన్నది దానికి ఒక కారణం. చెప్పించుకోవాల్సి రావడమే బాగోలేదు.

గుండు వీడియో వల్ల ఎవరికీ నష్టం లేదు, నవ్వుకుని ఊరుకోవచ్చు. రంజాన్‌లో పంచే రేషన్ కిట్ల సంగతి అలా కాదు. హైదరాబాదీ ఉర్దూలో 'సఫేద్‌పోష్' అనే మాట ఒకటుంది. తెల్లబట్ట కట్టుకున్నవాడని అర్థం. ఇంట్లో పొయ్యి వెలక్కపోయినా ఇస్త్రీ బట్టలతో బయటికొచ్చి, ఎవరి ముందూ చేయి చాపనివాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో అలాంటి ఇళ్లు ఎన్ని బయటపడ్డాయో! కుట్టుపని ఆగిపోయింది. ఆటో ఆగిపోయింది. గల్ఫ్ జీతం ఆగిపోయింది. ఆడవాళ్లు నఖాబ్ వేసుకుని వరసలో నిలబడ్డారు. సంచి ఇచ్చే చేతులు నాలుగు, పుచ్చుకునే చేతులు రెండు. ఆ నాలుగు చేతుల ముఖాలూ కెమెరాకేసి చూస్తాయి. వెనక ఫ్లెక్సీ. ముఖం కప్పుకుంది కదా, ఏమైంది అంటారు. పక్కింటివాళ్లు చెప్పులు చూసి పోల్చుకుంటారు. బురఖా అంచున ఉన్న లేసుని బట్టి పోల్చుకుంటారు. పక్కన నిలబడ్డ పిల్లాడి ముఖానికైతే నఖాబ్ లేదు. వాడి స్కూలు గ్రూపులోకీ ఆ ఫొటో వస్తుంది.

దానం బహిరంగంగా చేయకూడదని ఏమీ లేదు. బాహాటంగా ఇస్తే మంచిదే, పేదలకి రహస్యంగా ఇస్తే ఇంకా మంచిదన్న అర్థంలో ఖురాన్ రెండో అధ్యాయంలో ఉంది. ఇచ్చి ఎత్తిపొడిస్తే ఆ దానం వృథా అని కూడా అక్కడే ఉంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చేవాడి గొప్పదనం చెప్పే హదీసుని పిల్లలు సైతం చెప్పేస్తారు. మరి ఈ ఫొటోలెందుకని ఓ బస్తీ కమిటీ కార్యదర్శిని అడిగితే ఆయన కప్పదాటు వేయలేదు. 'డబ్బు పంపేవాళ్లు షికాగోలో ఉంటారు, జెద్దాలో ఉంటారు. రుజువు అడుగుతారు. ఫొటో లేకపోతే వచ్చే ఏడు పంపరు. మేం తినేశామని అంటారు. ఏం చెయ్యమంటారు?' అన్నారు. నిజమే, ఆయన బాధ ఆయనది. మోసాలూ జరిగాయి కాబట్టి అడిగేవాళ్లదీ తప్పనలేం. అయినా నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. కూతురి డీపీ కోసం ఇంట్లో యుద్ధం చేసే పెద్దమనిషే, పరాయి ఇంటి ఆడది బియ్యం సంచి పట్టుకున్న ఫొటోని పది గ్రూపుల్లో పెడుతున్నాడు. ఆవిడకి హయా లేదా?

ఒకావిడ, మిషన్ కుట్టుకునే మనిషి, చెప్పిన సంగతి ఇది. లాక్‌డౌన్ ఏడు కిట్ తీసుకున్నారు. ఫొటో తిరిగింది. మర్నాటి రంజాన్‌కి ఇల్లు అంతంతమాత్రంగానే ఉన్నా వరసకి వెళ్లలేదు. పిల్లలు అడిగితే 'మనకిప్పుడు అవసరం లేదు బేటా' అని చెప్పారట. ఆ నెల ఉపవాసం విడిచే వేళ వాళ్లింట్లో ఖర్జూరాలు లెక్కపెట్టి పంచుకున్నారు. మనిషికి ఒకటి.

ఆ కార్యదర్శిగారి బస్తీలో పద్ధతి మారింది. తరావీహ్ నమాజు అయ్యాక, రాత్రి పదకొండు దాటాక, ఇద్దరు కుర్రాళ్లు స్కూటర్ మీద సంచులు ఇళ్లకి చేరుస్తున్నారు. ఎవరింటికి వెళ్లిందో రాసుకున్న పుస్తకం ఆయన బీరువాలో ఉంటుంది. షికాగోవాళ్లు అడిగితే పంపడానికి ఓ ఫొటో తీస్తారు. మసీదు అరుగు మీద, గోడకి ఆనించి వరసగా పేర్చిన నూట ఇరవై సంచులది.